నొప్పిలో పుట్టిన రెండు స్తోత్రాలు

రోగం పోవాలని రాసిన స్తోత్రాలకు మనకు లోటు లేదు. చదివితే రోగం పోతుందని హామీ ఇచ్చే ఫలశ్రుతులకు అసలే లోటు లేదు. మంచాన పడ్డ మనిషి తన నొప్పి ఇవాళ ఎలా ఉందో, దానివల్ల మనసు ఎంత చెదిరిందో, దేవుడి మీద ఎంత కోపం వస్తోందో దాచకుండా చెప్పుకున్న స్తోత్రాలు మాత్రం అరుదు. అలాంటివి రెండు పక్కపక్కన పెట్టుకుని చదవడం ఈ వ్యాసం పని. ఒకటి, 1586 చివర్లో గురువాయూరులో పూర్తయిన మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి 'నారాయణీయం'. రెండోది, ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు కాశీలో తులసీదాసు వార్ధక్యంలో చెప్పిన 'హనుమాన్ బాహుక్'. ఒకటి సంస్కృతం, ఒకటి వ్రజభాష. ఒకటి వెయ్యికి పైబడిన శ్లోకాల మహాస్తోత్రం, ఇంకోటి 44 పద్యాల చిన్న పుస్తకం. ఒకరు ముప్ఫై నిండని పండితుడు, ఇంకొకరు పండు ముసలి కవి. ఇద్దరినీ కలిపింది ఒళ్ళునొప్పి.

రెండూ పారాయణ గ్రంథాలుగానే బతుకుతున్నాయి. కేరళలో సరేసరి, హైదరాబాదులో, చెన్నైలో తెలుగువాళ్ళు కూడా బృందాలుగా కూర్చుని నారాయణీయం చదువుతారు. దాదాపు పదేసి శ్లోకాల భాగాన్ని అందులో దశకం అంటారు; ఎనిమిదో దశకం చివరి శ్లోకాన్ని ఆరోగ్యం కోసం విడిగా జపించేవాళ్ళు చాలామంది. ఉత్తరాదిలో కీళ్ళనొప్పులకూ వాతాలకూ బాహుక్ అలాగే చదువుకుంటారు. ఆ వాడుకను నేను తప్పుపట్టను. కానీ మందులా వాడటంవల్ల ఈ రెండు కావ్యాలకూ ఒక నష్టం జరిగింది. 'చదివితే తగ్గుతుందా' అని అడుగుతున్నాం గాని, లోపలున్న మనిషి ఏమంటున్నాడో చెవిపెట్టి వినడం లేదు.

వినవలసిన అవసరం ఈ రోజుల్లో ఎక్కువైంది కూడా. నాలుగు రోజుల జ్వరానికి ఇల్లంతా కదులుతుంది. దీర్ఘరోగం అలాంటిది కాదు. మొదటి ఏడు పలకరించడానికి వచ్చినవాళ్ళు మూడో ఏడు రారు. తిరిగి మామూలు మనిషిని అవుతానన్న ఆశ ఒక నెల పెరుగుతుంది, ఒక నెల తరుగుతుంది. ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్ళను చూస్తే ఓర్వలేనితనం, ఆ ఓర్వలేనితనానికి సిగ్గు, ఇంట్లోవాళ్ళకు భారమయ్యానన్న దిగులు, చేస్తున్నవాళ్ళ మీదే విసుగు. ఇన్నింటి మధ్య ఎవరో ఒకరు వచ్చి, "మీరు మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలండీ" అంటారు. మంచిమాటే. కానీ అది విన్న రోగికి ఇంకో పని పెరుగుతుంది. రోగంతో పాటు, ప్రశాంతంగా ఉండలేకపోతున్నానన్న నేరం కూడా నెత్తిన పడుతుంది.

ఉద్వేగాలు అణిగిపోవడమే శాంతి అని ఈ ఇద్దరు కవుల్లో ఏ ఒక్కరూ అనుకోలేదు. ఉన్న బాధనూ కోపాన్నీ దేవుడి ఎదుట పెట్టారు. పెట్టాక లేచి వెళ్ళిపోలేదు. అక్కడే కూర్చున్నారు. వాళ్ళకు దక్కిన శాంతి ఏదైనా ఉంటే అది ఆ కూర్చోవడంలో ఉంది. ఒక్కొక్కరు ఒక్కోలా కూర్చున్నారు, అంతే.

భట్టతిరి కథ చాలామందికి తెలిసిందే. గురువు త్రిక్కండియూర్ అచ్యుత పిషారడి. జ్యోతిషంలో, గణితంలో, వ్యాకరణంలో దిట్ట. ఆయనకు వాతరోగం వస్తే, గురుదక్షిణగా ఆ రోగాన్ని శిష్యుడు తన ఒంట్లోకి తీసుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. చేతులూ కాళ్ళూ స్వాధీనం తప్పిన స్థితిలో గురువాయూరు చేరాడట. ఏం చేయమంటారని మలయాళ కవి ఎళుత్తచ్ఛన్‌ను అడిగిస్తే, చేపతో మొదలుపెట్టమన్నాడట. నిష్ఠగల బ్రాహ్మణుడికి చేప తినమని సలహానా అని చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. మత్స్యావతారంతో మొదలుపెట్టి విష్ణుకథ చెప్పమంటున్నాడని భట్టతిరికి అర్థమైంది. రోజుకో దశకం చొప్పున వంద రోజులు చెప్పి, భాగవతంలోని 18 వేల శ్లోకాల కథను వెయ్యి పైచిలుకు శ్లోకాల్లో ఇమిడ్చాడు.

ఈ కథలో ఎంత చరిత్ర, ఎంత పుక్కిట పురాణం అన్న చర్చలోకి నేను వెళ్ళను. స్తోత్రంలో ఉన్నది చాలు. దాదాపు ప్రతి దశకం భగవంతుడి కథ చెప్పుకుంటూ వెళ్ళి, చివరి శ్లోకంలో గురువాయూరు దేవుడు గురువాయూరప్పన్ వైపు తిరిగి 'నా రోగం తగ్గించు, నన్ను కాపాడు' అన్న వేడుకోలుతో ముగుస్తుంది. కొన్ని వరసగా చదివితే ఈ వేడుకోలు కవి సంతకంలా అనిపించే మాట నిజమే. సముద్రమథనం, రాసక్రీడ లాంటి ఘట్టాల్లో పాండిత్యం ఎంత ధారగా వస్తుందంటే, రోగి ఎక్కడున్నాడో మరిచిపోతాం. ఆఖరి పాదంలో 'రోగం' అన్న మాట వచ్చి గుర్తుచేస్తుంది. మొదట్లో నాకిది లోపంగా తోచింది. ఇప్పుడు ఈ కావ్యం గుట్టు ఇక్కడే ఉందనుకుంటున్నాను. రోజంతా ఒంట్లో ఉండే నొప్పికి ఈ కవి పద్యంలో ఎంత చోటు ఇవ్వాలో తానే నిర్ణయించాడు. పది శ్లోకాల్లో ఒక్క శ్లోకం, కొన్నిసార్లు ఒక్క పాదం. లేదని అనడు, దాచడు. అలాగని మిగతా తొమ్మిది శ్లోకాలనూ దానికి వదిలిపెట్టడు. ఆ తొమ్మిదింటిలో ఛందస్సు ఉంది, వ్యాకరణ ప్రయోగాల సొగసు ఉంది, కథ నడపాల్సిన బాధ్యత ఉంది. రోజూ చేయవలసిన కష్టమైన, ఇష్టమైన పని ఉంది.

ఈ ఒప్పందం కవికి మొదటి రోజే కుదరలేదు. అది కుదిరే తీరు మూడో దశకంలో కళ్ళకు కడుతుంది. నారాయణీయమంతా చదవడానికి తీరిక లేనివాళ్ళు ఆ దశకం ఒక్కటీ చదివినా చాలంటాను. నారదుడి వంటి భక్తులు నీ దయవల్ల చీకూచింతా లేకుండా తిరుగుతున్నారు కదా అని అందులో తలుచుకుంటాడు. నాకూ ఆ భక్తి కుదిరి బాధలు తీరాలి, లేదంటే వ్యాసుడి మాట, నీ మాట, వేదం మాట అన్నీ దారినపోయేవాడి మాటల్లా అబద్ధమైపోవూ అని నిలదీస్తాడు. ఇంత మెత్తని కవి నోట ఇంత పదునైన మాట! తన పాదాలు బాధ తీరి నీ గుడికి నడవాలని, చేతులు పూజ చేయాలని, కళ్ళు నీ రూపం చూడాలని, ముక్కు నీ పాదాల తులసి వాసన పీల్చాలని, చెవులు నీ కథ వినాలని కోరతాడు. ఆధివ్యాధులు కుదిపేస్తున్న తన గుండెలో ఆ రూపం మెదిలితే, ఎంతకీ అణగని ఈ నొప్పి చేసే అవమానాలను మరిచిపోగలనంటాడు. నొప్పిని అవమానం అనడం ఎంత నిజం! కూర్చున్నచోటి నుంచి లేవడానికి ఒకరి చెయ్యి కావాలి, గుండీ పెట్టుకోవడానికి ఒకరి చెయ్యి కావాలి. దీర్ఘరోగులకు నొప్పి కన్నా ఎక్కువ గుచ్చుకునేది అదే.

అక్కడితో ఆగడు. నీ మొహం చూడనివాళ్ళంతా సుఖంగా ఉన్నారు, నిన్ను ప్రేమించే నేను ఇంత అలమటిస్తున్నాను, ఇదేమిటని అడుగుతాడు. ఇందులో నీ పేరు చెడుతుంది సుమా అని దేవుడికే హెచ్చరిక. ఓర్వలేనితనం, అక్కసు, బెదిరింపు అన్నీ వచ్చేశాయి. దశకం చివరి శ్లోకం దగ్గర కావ్యం మలుపు తిరుగుతుంది. ఇంకా ఎన్ని మాటలు చెప్పి ఏం లాభం, నీ దయ ఎప్పుడు కలిగితే అప్పుడే కలగనీ, అందాకా ఈ ఏడుపులన్నీ పక్కనపెట్టి నీ పాదాల దగ్గర మొక్కుతూ పొగుడుతూ చేతనైనంత సేవ చేస్తూ రోజులు గడుపుతానంటాడు. ఏడుపు తగ్గిందని అనలేదు. పక్కన పెడతానన్నాడు. చేతనైనంత అన్నాడు. వెంటనే నాలుగో దశకం మొదట్లో, నిన్ను ఉపాసించడానికి సరిపడేంత ఆరోగ్యం ఇవ్వు చాలు అంటాడు. పూర్తి ఆరోగ్యం కావాలన్న కోరిక నుంచి పనికి సరిపడా ఆరోగ్యం చాలన్న కోరికకు దిగడం చిన్న సంగతి కాదు. ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళకు ఆ దిగడం ఎంత కష్టమో తెలుసు.

మా పిన్నికి కీళ్ళవాతం, డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. పొద్దున లేచాక గంట దాటితేగాని వేళ్ళు వంగవు. వేణ్ణీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రవల్ల మర్నాడంతా వికారంగా ఉంటుందని, ఆ రోజు ఎవరినీ రానివ్వదు. ఆవిడ దగ్గర తెలుగు అక్షరాల్లో అచ్చయిన చిన్న నారాయణీయం ఉంది. వేళ్ళతో పేజీ పట్టుకోలేదు, అరచేతి మొదలుతో తోస్తుంది. అట్ట మీద, అంచుల మీద నూనె మరకలు. నేను ఒకసారి, "రోజూ ఒక దశకం చదువుతావు కదా పిన్నీ, మనసుకు హాయిగా ఉంటుందా?" అని అడిగాను. "హాయేమిట్రా, ముందు అర్థంకాని సంస్కృతం నోరు తిరగాలి. నోరు తిప్పుకునే లోపల వేళ్ళ సంగతి కాసేపు పక్కకు పోతుంది. ఆఖర్న ఆయన నా జబ్బు తగ్గించవయ్యా అంటాడు చూడు, అక్కడ మాత్రం నేను గట్టిగా అంటాను" అంది. భట్టతిరి మూడో దశకం చివర చేసిన నిర్ణయానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను వినలేదు.

ఇక తులసీదాసు. ఇక్కడ గురుదక్షిణ లేదు, వంద రోజుల దీక్ష లేదు. కాశీలో ఉన్న ముసలాయనకు చేయి నొప్పి పట్టుకుంది. బాహువు నొప్పి కాబట్టి బాహుక్. 1623లో ఆయన పోయారు. బాహుక్ ఆ చివరి అంకానిది. 'కవితావళి' ప్రతుల్లో చాలావాటిలో చివర అనుబంధంగా కనిపిస్తుంది. మొదటి పద్యాలు హనుమంతుడి పరాక్రమం: సముద్రం దాటడం, లంక కాల్చడం, బాలసూర్యుణ్ణి పట్టబోవడం. పొగడ్త పూర్తికాకుండానే కవికి ఓపిక నశిస్తుంది. నా వంతు వచ్చేసరికి ముసలివాడివైపోయావా, లేక ఇంతమంది ఆశ్రితులను కాపాడీ కాపాడీ అలసిపోయావా అని అడుగుతాడు. అడిగేవాడే ముసలివాడు, అలసినవాడు. తన అలసటను దేవుడికి అంటగట్టి అడగడంలో ఉన్న జాలి ఈ పద్యాన్ని నిందాస్తుతి కన్నా పై మెట్టున నిలబెడుతుంది.

నిందాస్తుతి తెలుగువాడికి చెవికి అలవాటైన సరుకు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి శతకమంతా ఎత్తిపొడిచాడు. చెరసాలలో రామదాసు ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే అడిగాడు. కాసుల వారి ఎత్తిపొడుపులో చమత్కారం ప్రధానం, లోపల పొగడ్త దాక్కుని ఉంటుంది, అది బయటపడ్డప్పుడు నవ్వొస్తుంది. బాహుక్‌లోని నిలదీతలో అలా దాచిన పొగడ్త ఏమీ లేదు. దెబ్బలు తింటున్నవాడి కేక అది. ఆ తెగలో మనకు దగ్గరివాడు రామదాసే.

ఘనాక్షరి అనే ఛందం ఈ కేకకు తగినది. పాదానికి 31 అక్షరాలు, 16 దగ్గర విరుపు. ఒక్క ఊపులో ఫిర్యాదు మొత్తం పట్టేంత పొడుగు పాదం. ఒక పద్యంలో తులసి అడుగుతాడు: ఇది నా పాపమా, తాపత్రయమా, ఎవరి శాపమా? చెప్పుకోలేను, సహించలేను. మందులు తిన్నాను, యంత్రాలు కట్టుకున్నాను, మంత్రాలు వేయించుకున్నాను, చిట్కాలు చేశాను, అన్నీ వృథా. దేవతలకు మొక్కినకొద్దీ ఇంకా పెరుగుతోంది. ఆ పద్యం ముగింపే నాకు అన్నిటికన్నా గొప్పది. నువ్వు నావాడివని నువ్వే అన్నావు కదా, ఇప్పుడు నీ ఆలస్యం నా నొప్పి కన్నా ఎక్కువ నొప్పిస్తోంది అంటాడు. దీర్ఘరోగంలో అన్నిటికన్నా లోతున ఉండే బాధ ఇదే. ఒంటి నొప్పికి మాత్ర ఉంది. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదన్న నొప్పికి మాత్ర లేదు.

భట్టతిరి నొప్పిని కథకు బయట, చివరి శ్లోకంలో కూర్చోబెట్టాడు. తులసి దాన్ని కథలోకే లాక్కొచ్చాడు. చేయి నొప్పి సుబాహుడట, దాని తోడు నీచుడు మారీచుడట, నోటి నొప్పి తాటక అట, తక్కిన రోగాలు రాక్షసుల మూక. తాను చేయాలనుకుంటున్న రామనామ జపం విశ్వామిత్రుడి యాగం, వీళ్ళు పాడుచేస్తున్నారు. కాపలాకు వచ్చిన రామలక్ష్మణులు ఎవరంటే, నామంలోని రెండు అక్షరాలు. జీవితమంతా రామాయణంలో బతికినవాడికి రోగం కూడా రామాయణంలాగే కనిపించింది. పద్యం చదువుతుంటే ఒక గమ్మత్తు జరుగుతుంది. ఒంట్లో ఊరూపేరూ లేకుండా మెలిపెడుతున్నదానికి ముఖం వచ్చింది, పేరు వచ్చింది. పేరున్నదానితో దెబ్బలాడవచ్చు. భట్టతిరి పద్ధతి నొప్పికి హద్దు గీస్తే, తులసి పద్ధతి నొప్పికి రూపం ఇచ్చింది. నా మటుకు నాకు ఇక్కడ తులసిదే పైచేయి.

బాహుక్‌లో ఇంకో నిజాయితీ ఉంది. ముప్ఫై పద్యాలు దాటాక ఒకచోట, మబ్బుల్లా కమ్ముకున్న రోగాల సైన్యాన్ని హనుమంతుడు నవ్వి, అదిలించి, ఊది ఎగరగొట్టాడని, తనను తినేస్తున్న రోగమనే రాక్షసి నుంచి కాపాడాడని సంబరంగా చెబుతాడు. పుస్తకం అక్కడ ముగిసి ఉంటే మంచి మహిమ కథ అయ్యేది. కాస్త దూరం పోతే కాలు నొప్పి, కడుపు నొప్పి, చేయి నొప్పి, నోటి నొప్పి, ఒళ్ళంతా నొప్పిమయమై శిథిలమైందని మళ్ళీ మొదలు. దేవతలు, భూతాలు, పితరులు, కర్మ, దుష్టులు, కాలం, గ్రహాలు అందరూ కలిసి తన మీద ఫిరంగులు పేల్చినట్టుందంటాడు. పద్యాల వరస కవి పెట్టిందో, తర్వాతివాళ్ళు పెట్టిందో నేను వాదించను. ఇప్పుడున్న వరసలో మాత్రం దీర్ఘరోగం నడక ఉన్నదున్నట్టు ఉంది: తగ్గింది అనుకోవడం, పొంగిపోవడం, తిరగబెట్టడం.

దీని పక్కన హనుమాన్ చాలీసాను పెట్టి చూడండి. సంప్రదాయం అది కూడా ఈ తులసీదాసుదే అంటుంది. ఎం.ఎస్. రామారావు గొంతులో తెలుగువాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు. హనుమంతుణ్ణి ఎడతెగక జపిస్తే రోగాలు నశిస్తాయని, పీడలన్నీ పోతాయని చాలీసా భరోసా ఇస్తుంది. అదే హనుమంతుణ్ణి జపించీ జపించీ, పోలేదేమని అడుగుతోంది బాహుక్. ఒకే కవి పేరు మీద ఈ రెండూ ఉండటం నాకు గొప్ప ఊరట. భరోసా చెప్పిన నోటితోనే సందేహం చెప్పుకునే హక్కు భక్తుడికి ఉందని దీనివల్ల తెలుస్తుంది. చాలీసా రోజూ చదివినా మోకాళ్ళ నొప్పులు తగ్గలేదంటే నీ భక్తిలోనే లోపముందని ఎవరైనా అంటే, బాహుక్ తీసి చేతికివ్వవచ్చు. తులసీదాసు కన్నా గట్టి భక్తుణ్ణి వాళ్ళు చూపించలేరు. మందులు తిన్నానని ఆయనే చెప్పాడు కాబట్టి, స్తోత్రం ఉందిగా, మందెందుకనే వాదన కూడా ఆ పుస్తకం ముందు నిలవదు.

కారణం వెతుక్కోవడంలో ఇద్దరి మధ్యా పెద్ద తేడా ఉంది. నాకెందుకు వచ్చిందన్న ప్రశ్న భట్టతిరి స్తోత్రంలో కనిపిస్తుంది గాని, ఆయన దాన్ని తన గతంలోకి తవ్వుకుంటూ పోడు. తవ్వే పని చుట్టూ ఉన్నవాళ్ళు చేశారు. పూంతానం అనే భక్తకవి తన మలయాళ రచన తెచ్చి చూడమంటే, సంస్కృత పాండిత్యపు గర్వంతో భట్టతిరి పక్కకు నెట్టాడని, వెంటనే రోగం ముదిరిందని, పూంతానం భక్తే తనకు ఎక్కువ ఇష్టమని దేవుడు పలికాడని కేరళలో ఇంటింటా చెప్పుకునే కథ. కథ అందమైనదే, భాషాగర్వానికి తగిన చెంపదెబ్బే. అయినా రోగి పక్కన కూర్చుని చెప్పవలసిన కథ కాదు.

తులసికి ఆ కథ ఎవరూ అల్లిపెట్టలేదు, ఆయనే చెప్పుకున్నాడు. చిన్నప్పుడు రామనామం చెప్పి ముష్టెత్తుకుని, దొరికిన తునకలు తిన్నాను. అప్పుడు మనసు నిటారుగా ఉండేది. తర్వాత లోకం పోకడలో పడ్డాను, గోసాయినయ్యాను, ఆ పాడురోజులు మరిచాను, ఇప్పుడు పండిన ఫలం తింటున్నాను. ఇంకో పద్యంలో, దొర గౌరవమిస్తే ఉబ్బిపోయి భజన వదిలేశాను, అందుకే ఇప్పుడు ఈ పుండ్ల రూపంలో రామరాజు ఉప్పు ఒళ్ళు పగిలి బయటికి వస్తోందంటాడు. తిన్న ఉప్పుకు ద్రోహం చేశానన్న మాట మనకూ ఉంది. ఆ ఉప్పు చర్మం చిట్లించుకుని కనబడటం మాత్రం ఈ ఒక్క పద్యంలోనే చూశాను. ఎంత భయంకరం, ఎంత నిజాయితీ!

ఇలా తనను తాను నిందించుకోవడం శాంతికి దారా, అడ్డమా? తులసి విషయంలో దారి అయింది. ఎందుకంటే ఆ మాట ఆయన నోటే వచ్చింది. అంతకు ముందు ఆయన దేవుణ్ణీ గ్రహాలనూ దుష్టులనూ అందరినీ అడిగేసి ఉన్నాడు. అడగడానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. ఆ తర్వాతి పద్యంలోనే తేలికపడతాడు. బతికితే రాముడి మనిషినని పేరు, చస్తే కాశీ, గంగ; నాకు రెండు చేతులా లడ్డూలే, నా కోసం ఏడవడానికి బిడ్డ కూడా లేడంటాడు. నొప్పి పుట్టిన చేతిలోనే లడ్డూ పెట్టుకున్నాడు! అదే కర్మ మాట ఎదుటివాళ్ళు రోగితో అంటే ఏమవుతుందో మనందరం ఏదో ఒక ఇంట్లో చూసినవాళ్ళమే. "ఏ జన్మలో ఏం చేసుకున్నావో" అనే ఓదార్పు క్రూరమైనది. తులసి పద్యాలను అందుకు సాక్ష్యంగా వాడటం అంతకన్నా క్రూరం. ఆయన చెప్పింది ఆయన సంగతి.

ఇద్దరి ముగింపులు చూస్తే తేడా పూర్తిగా తేటపడుతుంది. నారాయణీయం వందో దశకం దర్శనం. కవి ఎదుట ఒక కాంతి, అందులో కిశోర కృష్ణుడి రూపం. కేశాల నుంచి పాదాల దాకా ఒక్కో అవయవం మీద చూపు నిలుపుకుంటూ వస్తాడు: నెమలిపింఛం, నుదురు, కళ్ళు, బుగ్గల మీద కుండలాల మెరుపు, పెదవి, వేణువు పట్టిన వేళ్ళు, నడుము, తొడలు, మోకాళ్ళు, పాదాలు. మూడో దశకంలో ఈ మనిషి కోరుకున్నది తన కాళ్ళూ తన చేతులూ తన కళ్ళూ. వందో దశకంలో ఆ పేర్లన్నీ తిరిగి వచ్చాయి, కానీ అవి దేవుడివి. తన ఒంటి మీది నుంచి చూపు తీసి ఇంకొకరి ఒంటి మీద అంత ప్రేమగా నిలపగలగడానికి మధ్యలో తొంభై ఆరు దశకాల సాధన పట్టింది. వ్యాధి తగ్గిందని ఆ దశకం చెప్పదు. సంప్రదాయం చెబుతుంది. కవి అమృతంలో తడిసినట్టుందని మాత్రం అంటాడు; ఆ పాదాలు తన తాపాలన్నీ తీర్చాలని పదో శ్లోకంలో కూడా ఇంకా కోరుతూనే ఉన్నాడు. చిట్టచివర ఆయుస్సు, ఆరోగ్యం, సౌఖ్యం కలగాలన్న కోరిక. ఆ అక్షరాలను, అక్షరానికో అంకె చెప్పే కటపయాది పద్ధతిలో లెక్కిస్తే 17,12,210 వస్తుంది. కావ్యం పూర్తయిన నాటికి కలియుగంలో గడిచిన రోజుల సంఖ్య అది. ఆరోగ్యం కోరుకుంటూ అదే మాటలో తేదీ కూడా ఇమిడ్చిన ఆ పండిత హృదయం రోగంలోనూ ఉత్సాహం పోగొట్టుకోలేదు. ఆయన ఆ తర్వాత చాలాకాలం బతికి, 1616లో అంబలప్పుళ రాజు కోరిక మీద 'ప్రక్రియాసర్వస్వం' అనే వ్యాకరణ గ్రంథం రాశాడు. గురువు పిషారడి 1621 దాకా ఉన్నాడు.

బాహుక్ 44వ పద్యంలో దర్శనం లేదు. హనుమంతుడితో, రాముడితో, శంకరుడితో ముగ్గురితో చెబుతున్నాను, జాగ్రత్తగా వినండంటాడు. లోకం సుఖదుఃఖాలతో, రాగద్వేషాలతో కలిపి చేసినది. మాయకూ జీవుడికీ కాలానికీ కర్మకూ కర్త రాముడేనని వేదం చెబుతోంది, నేనూ నమ్ముతున్నాను. మరి మీవల్ల కానిది ఏముందో, అయ్యో, నాకు అర్థమయ్యేలా చెప్పండి. చెబితే, విత్తినదే కోస్తున్నానని తెలుసుకుని నేనూ మాట్లాడకుండా ఊరుకుంటాను.

భట్టతిరి చివరి శ్లోకంలో, నీ గొప్పతనం తెలియక ఏమైనా అని ఉంటే క్షమించమని వేడుకుంటాడు. తులసి క్షమాపణ అడగడు. సమాధానం అడుగుతాడు. ఊరుకుంటానన్న మాటకు కూడా ముందు ఒక షరతు ఉంది. అన్నిటికీ కర్త రాముడేనన్న నమ్మకం, విత్తినదే కోస్తున్నానన్న ఒప్పుదల, అయినా నాకు చెప్పాల్సిందేనన్న పట్టు, మూడూ ఒక్క పద్యంలో ఒకదాన్నొకటి చెరపకుండా ఉన్నాయి. కావ్యశిల్పంలో నారాయణీయం ముందు బాహుక్ నిలవదు. కొన్ని పద్యాల్లో ఒకే ఫిర్యాదు తిరగమరగ వస్తుంది. కానీ దర్శనం రాని రోగులే లోకంలో ఎక్కువ. వాళ్ళ పక్షాన మాట్లాడిన పుస్తకంగా బాహుక్‌కు నేను ఒక పీట ఎక్కువే వేస్తాను.

తెలుగులో దాన్ని పద్యంగానే చదువుకోవాలని నా కోరిక. తాత్పర్యాలతో ఆ గొంతు రాదు. ఘనాక్షరి పొడుగు పాదానికీ నడుమ విరుపుకూ మన సీసం చక్కగా సరిపోతుంది. ఎత్తిపొడవడానికి ఎత్తుగీతి ఉండనే ఉంది. కోపం తగ్గించకుండా, భక్తి పేరు మీద నునుపు చేయకుండా ఆ 44 పద్యాలనూ సీసాల్లోకి తెచ్చే కవి ఎవరైనా పూనుకోవాలి. ముసలివాడివైపోయావా అన్న పద్యంతో మొదలుపెట్టినా సరే.